మన ఆడపిల్లలు – నర్సు శిక్షణ

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము డాక్టర్లం కాము. ఆసుపత్రి ఉద్యోగులమూ కాము. కర్నూలు పాత పట్టణంలో ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొని బతికేవాళ్ళం. నర్సు శిక్షణ గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, "మాకేం తెలుసు సాబ్?" అన్నాం. "తెలియక మీరు చేసిన పొరపాటు ఉంది కదా, అదే చెప్పండి. పదిమందికి పనికొస్తుంది" అన్నారాయన. ఆ మాటకు ఎదురు చెప్పలేక వచ్చాం.

మొదట మా ఇంటి సంగతి. మూడేళ్ళ క్రితం మా తల్లిగారు స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషను చేయించి ఇంటికి తెచ్చాం. మంచంలోనే ఉండిపోయేసరికి వీపు కింద పుండు పడింది. రోజూ కడిగి కట్టు కట్టాలి. వీధి చివర క్లినిక్కులో కాంపౌండరు ఉన్నాడు. మంచివాడు, ముప్పయ్యేళ్ళ అనుభవం ఉన్నవాడు. కాని మా తల్లిగారు, "పరాయి మగాడు నా వీపు చూడడమా? పుండుతోనే పోతాను గాని ఒప్పుకోను" అని గోడ వైపు తిరిగి పడుకున్నారు.

చివరికి పక్క మండలం నుంచి వచ్చి ఇక్కడ పనిచేసుకుంటున్న ఒక తెలుగు అమ్మాయి దొరికింది. శిక్షణ పొందిన నర్సు. సాయంత్రం డ్యూటీ దిగాక మా ఇంటికి వచ్చేది. చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేది. పుండు శుభ్రం చేసేది. రెండు గంటలకొకసారి మనిషిని పక్కకు తిప్పాలనీ, పరుపు మీద దుప్పటి ముడతలు పడకూడదనీ, చర్మం తడిగా ఉండకూడదనీ మా ఇంటి ఆడవాళ్ళకు నేర్పింది. మొదటి రోజు నుంచీ అలా చేసి ఉంటే పుండు పడే అవకాశమే చాలా తక్కువట. నెలన్నరలో పుండు మానింది. పోయే ముందు ఆ అమ్మాయి ఒక మాట అడిగింది: "మాస్టరుగారూ, ఈ వీధిలో ఇన్ని ఇళ్ళున్నాయి, ఇంతమంది ఆడపిల్లలు చదువుకుంటున్నారు. ఒక్కరూ ఈ పని నేర్చుకోలేదా?"

ఎత్తిపొడుపుగా అనలేదు, మామూలుగానే అడిగింది. జవాబు చెప్పలేకపోయాం. మన ఇంట్లో ఆడవాళ్ళకు జబ్బు చేస్తే ఆడమనిషే రావాలంటాం. ఆ ఆడమనిషి మాత్రం ఎవరో కన్న బిడ్డ కావాలి, మన బిడ్డ కాకూడదు! ఇదేం న్యాయమని ఆ రాత్రంతా ఆలోచించాం.

ఇక మా పొరపాటు సంగతి చెబుతాం. మా బడిలో పది చదివి, ఉర్దూలోనే ఇంటర్ పూర్తి చేసిన ఒక అమ్మాయి ఉండేది. తండ్రి తోపుడు బండి మీద పండ్లు అమ్ముతాడు. 2017లో ఆయన మా దగ్గరికి వచ్చి, "సాబ్, పిల్ల నర్సు చదువుతానని పట్టుబట్టింది. మీరేమంటే అదే" అన్నాడు. మాకు వివరాలు తెలియవు. కాని తెలియదని చెప్పడానికి మాస్టరు గౌరవం అడ్డొచ్చింది. అంతకు ముందు రోజే బస్టాండు దగ్గర ఒక సంస్థ బోర్డు చూసి ఉన్నాం: ఏడాది కోర్సు, నూటికి నూరు పాళ్ళు ఉద్యోగం. "దూరం పోయే పని లేదు, హాస్టలు లేదు, సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. చేర్చెయ్యండి" అని చెప్పాం. ఆయన భార్య కమ్మలు కుదువపెట్టి 40 వేలు కట్టాడు.

ఏడాది గడిచింది. బంగారు రంగు అంచులతో, పెద్ద ముద్రతో సర్టిఫికెట్టు ఇచ్చారు. అమ్మాయి ఒక చిన్న ప్రైవేటు నర్సింగు హోములో తక్కువ జీతానికి కుదిరింది. 2019లో మన రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగాలు పడ్డాయి. వాటిలో ఎ.ఎన్.ఎం. ఉద్యోగాలు కూడా ఉన్నాయి. సంతోషంగా దరఖాస్తు పెట్టబోయింది. రాష్ట్ర నర్సింగు కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ నంబరు అడిగారు. నంబరు లేదు. ఆ సంస్థకు గుర్తింపే లేదు.

మరునాడు బడికి వచ్చి ఆ సర్టిఫికెట్టు మా బల్ల మీద పెట్టింది. ఏడవలేదు. "సర్, మీరు చెప్పారనే అబ్బా ఒప్పుకున్నారు" అంది, అంతే. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో మేము పడ్డ మాటలు చాలా ఉన్నాయి. ఇంతకంటే బరువైన మాట పడలేదు.

ఆ తర్వాతే మేము ఆసుపత్రుల చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరిగి తెలుసుకున్నాం. ముందే తిరిగి ఉంటే ఆ కమ్మలు దక్కేవి. అందుకే తెలుసుకున్నది ఇప్పుడు మీ ముందు పెడుతున్నాం.

మన దేశంలో నర్సు చదువుకు మూడు మెట్లున్నాయి. మొదటిది ఎ.ఎన్.ఎం., అంటే ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్. మన జనం "నర్సమ్మ" అని పిలిచేది చాలాసార్లు ఈమెనే. ఇప్పుడిది రెండేళ్ళ శిక్షణ. అందులో చివరి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. ఇంటర్ ప్యాసై ఉండాలి, 17 ఏళ్ళు నిండాలి. ఇది ఆడపిల్లలకు మాత్రమే. సైన్సు చదవకపోయినా చేరవచ్చు. ఈ మాట చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. రెండవది జి.ఎన్.ఎం., మూడేళ్ళు, ఇందులో మగపిల్లలకూ ప్రవేశం ఉంది. మూడవది బి.ఎస్సీ. నర్సింగ్, నాలుగేళ్ళు, దీనికి ఇంటర్‌లో ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ చదివి ఉండాలి. ఎ.ఎన్.ఎం. చేసి రిజిస్టరైన అమ్మాయి జి.ఎన్.ఎం.కు పోవచ్చు. జి.ఎన్.ఎం. చేసిన వాళ్ళు మరో రెండేళ్ళు చదివి డిగ్రీ తెచ్చుకోవచ్చు. కాబట్టి కింది మెట్టు ఎక్కినంత మాత్రాన పై మెట్టు మూసుకుపోదు. ఇవి కాక ఇంటర్ వొకేషనల్‌లోనే మల్టీ పర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు ఒకటి ఉంది. దాని తర్వాత ఏడాది అప్రెంటిస్‌షిప్ చేయాలి.

అమెరికాలో ఉన్న మన బంధువులు "ప్రాక్టికల్ నర్సు" అనే మాట వాడుతుంటారు. అక్కడ సుమారు ఏడాది చదివి, లైసెన్సు పరీక్ష రాసి, పెద్ద నర్సు కింద రోగి మంచం దగ్గర పనిచేసే మనిషి ఆమె. మన ఎ.ఎన్.ఎం.కు అచ్చంగా సమానం కాదు. ఇక్కడి సర్టిఫికెట్టు అక్కడ నేరుగా చెల్లదు. గల్ఫు దేశాల ఆసుపత్రులకు నర్సుగా పోవాలన్నా సాధారణంగా జి.ఎన్.ఎం. గాని బి.ఎస్సీ. గాని, దానిపై అనుభవమూ అడుగుతారు. ఎవరైనా ఏజెంటు వచ్చి, "ఆరు నెలల కోర్సు, నేరుగా దుబాయి" అంటే దండం పెట్టి పంపించేయండి.

ఫీజు కట్టే ముందు అడగవలసిన ప్రశ్నలు మూడే. ఒకటి, ఈ కోర్సు పేరు ఎ.ఎన్.ఎం.యేనా, జి.ఎన్.ఎం.యేనా, లేక నర్సు అనే మాట తగిలించిన మరేదైనా కోర్సా? రెండు, ఈ బడికి కౌన్సిల్ గుర్తింపు ఈ ఏటికి ఉన్నదా? ఆ కాగితం చూపిస్తారా? మూడు, పాసైన తర్వాత రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ అవుతుందా? 1947 చట్టంతో ఏర్పడిన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఇన్నేళ్ళూ ఈ చదువులకు ప్రమాణాలు పెట్టింది. దాని స్థానంలో జాతీయ కమిషన్ కోసం 2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. పైన బోర్డు పేరు ఏదైనా కావచ్చు, అడగవలసిన ప్రశ్న మారదు. ఆ నంబరు లేని నర్సు లైసెన్సు లేని డ్రైవరు లాంటిది. బండి నడపడం వచ్చినా చలానా తప్పదు.

శిక్షణలో ఏం నేర్పుతారని చాలామంది తల్లులు అడుగుతారు. "సూది వేయడమే కదా?" అంటారు. సూది అందులో చిన్న భాగం. మొదటి ఏడాది శరీరం గురించి, ఆహారం, పారిశుద్ధ్యం, అంటువ్యాధులు, టీకాలు, ప్రథమ చికిత్స, పిల్లల ఆరోగ్యం చెబుతారు. రెండవ ఏడాది ప్రసూతి శాస్త్రం, ఆరోగ్య కేంద్రం నిర్వహణ. సగం చదువు తరగతి గదిలో కాదు, ఆసుపత్రి వార్డులోనూ వీధుల్లోనూ జరుగుతుంది.

టీకా సంగతే చూడండి. టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండలో పెట్టె మూత తీసి పెడితే వేసిన టీకా పనిచేయదు, వేశామన్న తృప్తే మిగులుతుంది. బి.సి.జి. సీసా కలిపిన తర్వాత నాలుగు గంటల్లోపు వాడాలి, మిగిలింది పారెయ్యాలి. పుట్టిన బిడ్డకు ఏవి, ఆరో వారం, పదో వారం, పధ్నాలుగో వారం ఏవి అన్నది కంఠతా రావాలి. గర్భిణికి బి.పి. చూడాలి, రక్తం పరీక్షించాలి, ఇనుము మాత్రలు ఇవ్వడమే కాదు, మింగిందో లేదో కనుక్కోవాలి. ప్రసవమైన బిడ్డను వెంటనే తుడిచి, వెచ్చగా తల్లి గుండెల మీద పెట్టి, గంటలోపు పాలు పట్టించాలి. తల్లికి రక్తం ఎక్కువ పోతోందా అని కళ్ళార్పకుండా చూడాలి. ఏది తన చేతిలో ఉంది, ఏది పెద్దాసుపత్రికి పంపాలి అన్న తెలివి అన్నిటికంటే ముఖ్యం. మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకు ఒక ఉపకేంద్రం లెక్క. అక్కడ అర్ధరాత్రి ఈ నిర్ణయం తీసుకోవలసింది చాలాసార్లు ఆ అమ్మాయే.

ఇక భాష విషయం. మా ఉర్దూ మీడియం పిల్లలకు అసలు భయం అదే. రిజిస్టరు తెలుగులో, మందు సీసా మీద ఇంగ్లీషు, ఇంట్లో ఉర్దూ. సర్టిఫికెట్టు పోగొట్టుకున్న ఆ అమ్మాయి మళ్ళీ ధైర్యం చేసి, 2019 చివర్లో గుర్తింపు ఉన్న బడిలో ఎ.ఎన్.ఎం.లో చేరినప్పుడు, మొదటి నెలలోనే మానేస్తానంది. ఈసారి మేము ఉత్త సలహా చెప్పి ఊరుకోలేదు. ప్రతి ఆదివారం కూర్చోబెట్టి నోటు పుస్తకంలో మూడు గళ్ళు గీయించాం. నబ్జ్ – నాడి – పల్స్. జచ్చా – బాలింత – పోస్ట్‌నేటల్ మదర్. హమల్ – గర్భం – ప్రెగ్నెన్సీ. టీకా దగ్గరికి వచ్చేసరికి పిల్ల నవ్వింది. ఉర్దూలోనూ టీకాయే, తెలుగులోనూ టీకాయే! ఆరు నెలల్లో ఆ పుస్తకం నిండింది.

ఉర్దూ వల్ల నష్టమే అనుకోకండి. ఒకప్పుడు హైదరాబాదులో వైద్యశాస్త్రమే ఉర్దూలో చెప్పారు. 1846లో మొదలైన అక్కడి వైద్య పాఠశాల నుంచి ఎందరో డాక్టర్లు ఆ భాషలో చదివి వచ్చారు. అంతెందుకు, మన గల్లీలో ముసలమ్మ "జీ ఘబరారా బేటా" అంటే అది గుండె దడా, కళ్ళు తిరగడమా, దిగులా అని విడమరిచి అడగగలిగేది మన భాష వచ్చిన నర్సే. 2021లో కరోనా టీకాలు వచ్చినప్పుడు మన వీధుల్లో ఎన్ని పుకార్లు పుట్టాయో మీకు గుర్తుంది. సిబ్బంది వస్తే తలుపులు వేసుకున్నాం. అప్పటికి శిక్షణలో ఉన్న ఆ అమ్మాయి తమ సిబ్బందితో కలిసి మా వీధికి వచ్చింది. ఒక్కో గడపలో కూర్చొని, "ఖాలా, నేను వేయించుకున్నాను, చూడండి బాగానే ఉన్నాను" అని ఉర్దూలో చెప్పింది. మా తల్లిగారు చేయి చాచింది ఆమె మాట విని. ఆ రోజు మా తల్లిగారి వెనుక గల్లీలో ఇంకో పదకొండు మంది వచ్చి కూర్చున్నారు.

అభ్యంతరాలు మాకు తెలుసు. అవి ఎవరో చెప్పినవి కావు, మా నోటితో మేమూ అన్నవే. రాత్రి డ్యూటీ, మగ రోగులు, బుర్ఖా, పెళ్ళి సంబంధం. ఒక్కొక్కటి చూద్దాం. రాత్రి డ్యూటీ ఉంటుంది, దాచడం ఎందుకు? వరసలో అందరికీ పడుతుంది. చేరకముందే హాస్టలు చూడండి, రాకపోకల వాహనం సంగతి అడగండి. మగ రోగుల విషయం: ఎ.ఎన్.ఎం. పని ఎక్కువగా తల్లీబిడ్డలతోనే; జి.ఎన్.ఎం.లో అన్ని వార్డులూ తిరగాలి. తలగుడ్డ గురించి చేరే ముందే ప్రిన్సిపాలుగారిని మర్యాదగా అడిగి తెలుసుకోవడం మంచిది. అయితే గాజులు, ఉంగరాలు, చేతుల మీదికి జారే చేతిగుడ్డలు రోగి దగ్గర పనికిరావు. అది ఎవరి మతం మీదా పగతో పెట్టిన నియమం కాదు. ఉంగరం కింద క్రిమి దాక్కుంటుంది.

ఇక దీన్ పేరు చెప్పి ఆపేవారికి ఒక్క సంగతి గుర్తు చేస్తాం. మదీనాలో రుఫైదా అనే సహాబియా గాయపడిన వారికి సేవ చేసేవారు. ఖందక్ యుద్ధంలో గాయపడిన సాద్ బిన్ ముఆజ్ గారిని ఆమె డేరాలోనే ఉంచి చికిత్స చేశారని చరిత్రకారులు రాశారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1860లో లండనులో నర్సుల బడి పెట్టడానికి పన్నెండు వందల ఏళ్ళకు పైగా ముందు మాట అది. మన దగ్గరకొస్తే, హైదరాబాదులో శాహ్‌జాదీ నీలోఫర్ రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నర్సు శిక్షణ పొందారు. తన దగ్గర పనిచేసే మనిషి ప్రసవంలో చనిపోతే, మరే తల్లికీ అలా జరగకూడదని పూనుకున్నారు. ఆ పట్టుదలతో వెలసిందే 1953 నాటి నీలోఫర్ ఆసుపత్రి. రాజమహలు ఆడపడుచుకు లేని నామోషీ మన ఇళ్ళల్లో ఎందుకు?

పెళ్ళి సంబంధం మాట ఒప్పుకుంటాం. "నర్సా?" అని ముఖం తిప్పుకున్నవాళ్ళను చూశాం. ఆ అమ్మాయికి కూడా ఒక సంబంధం ఆ కారణంగానే తప్పిపోయింది. ఆ ఇంటివాళ్ళే మరుసటి సంవత్సరం కోడలి కాన్పుకు ఆమె సలహా కోసం వచ్చారు. ఆమె వెళ్ళింది, పాత మాట ఎత్తలేదు. ఇప్పుడామె మన జిల్లాలోనే ఒక ఆరోగ్య కేంద్రంలో కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. జీతం గొప్పదేమీ కాదు. తల్లి కమ్మలు మాత్రం విడిపించింది.

సంఘం పెద్దలకు మా మనవి నాలుగు మాటలు. మొదటిది, ఏటా వేసవిలో ఒక రోజు పెట్టి, ఏ బడికి గుర్తింపు ఉన్నదో సరిచూసి ఆ పట్టిక మసీదుల దగ్గర, ఉర్దూ బడుల దగ్గర అంటించండి. రెండవది, వర్తించే కుటుంబాలకు బి.సి.–ఇ సర్టిఫికెట్టు ముందే తీయించండి; దూదేకుల సోదరులు బి.సి.–బి కింద వస్తారు. సీట్లకు పిలుపు వచ్చాక తహసీల్దారు ఆఫీసు చుట్టూ పరుగెత్తితే సీటు ఆగదు. మూడవది, జకాత్‌కు అర్హులైన ఇళ్ళ పిల్లలు ఉన్నారు. రంజాన్‌లో పంచే చీరల్లో కొంత తగ్గించి ఇద్దరు పిల్లల ఫీజు కట్టండి. చీర ఏడాదికి చిరుగుతుంది, చదువు అలా కాదు. నాలుగవది, ఉర్దూ పిల్లలకు ఆదివారం తెలుగు, ఇంగ్లీషు తరగతులు. దానికి జీతం అక్కర్లేదు, మేము వస్తాం. మూడు గళ్ళ నోటు పుస్తకం మా దగ్గర ఉంది.

ఇక్కడ కూర్చున్నవారిలో ఎవరికైనా ఒక ప్రశ్న నాలుక చివర ఉండే ఉంటుంది: "మాస్టరు సాబ్, మీ బిడ్డను పంపుతారా?" న్యాయమైన ప్రశ్న. మాకిద్దరు కూతుళ్ళు. చిన్నది ఈ ఏడు ఇంటర్ బై.పి.సి.లో చేరింది. బి.ఎస్సీ. నర్సింగ్ చేస్తానంటోంది. ఇరవై ఏళ్ళుగా పరాయి బిడ్డలకు ధైర్యం చెప్పిన మేము, సొంత బిడ్డ అడిగేసరికి, "టీచరు ట్రైనింగు బాగుంటుందేమో చూడు" అన్నాం. నిజం చెప్పేస్తున్నాం. వాళ్ళమ్మ ఇంకా ఏమీ తేల్చలేదు. ఇంట్లో గట్టిగా ఆమె పక్షం మాట్లాడుతున్నది ఒక్కరే. కర్ర పట్టుకొని నడుస్తున్న మా తల్లిగారు. "నా వీపు కడిగిన పిల్లకు తల్లిదండ్రులు లేరా? వాళ్ళు పంపలేదా?" అంటున్నారు. మా దగ్గర దానికి జవాబు లేదు. కాబట్టి పంపక తప్పదేమో!

 వచ్చే వేసవిలో మీ దగ్గరికి ఏ తండ్రైనా వచ్చి సలహా అడిగితే, తెలిస్తే చెప్పండి. తెలియకపోతే తెలియదని చెప్పి, ఆయన వెంట వెళ్ళి కనుక్కోండి. అప్పట్లో మేము చేయనిది అదే.